లాకప్ కిటికీకి కొట్టిన రేకు

ఆ స్టేషన్‌కి నేను ఒక సిఫార్సుకి జవాబుగా వెళ్ళాను.

అంతకు ముందు ఏడాది మా పక్క స్టేషన్ లాకప్‌లో ఒక మనిషి కిటికీ ఊచకి లుంగీ కట్టి ఉరి పోసుకున్నాడు. పేపర్లలో గొడవైంది. హైదరాబాదు నుంచి తనిఖీ బృందం వచ్చి విజయవాడ చుట్టుపక్కల స్టేషన్లన్నీ చూసి వెళ్ళింది. కొన్ని నెలల తర్వాత వాళ్ళ నివేదిక పైనుంచి ఒక్కో మెట్టూ దిగుతూ మా దాకా వచ్చింది. ఏమేం మార్చాలో అందులో వరసగా రాశారు. ఫిర్యాదు చేయడానికి వచ్చే ఆడవాళ్ళతో మాట్లాడటానికి ప్రతి స్టేషన్లోనూ ఒక మహిళా కానిస్టేబుల్ ఉండాలన్నది వాటిలో ఒకటి. అలా నన్ను వన్ టౌన్ వైపున్న ఒక స్టేషన్‌లో వేశారు. తొంభైల చివరి సంగతి ఇది.

"మహిళా కానిస్టేబుల్ నియమించబడినది" అని సీఐ గారు జవాబు రాయిస్తుంటే నేను ఆయన బల్లకి ఎదురుగానే అటెన్షన్‌లో నిలబడి ఉన్నాను. ఆ వాక్యం అయ్యాక ఆయన తలెత్తి నన్ను చూసి, "ఇక వెళ్ళమ్మా" అన్నారు. నాకో బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఒక బోర్డు ఇచ్చారు.

తనిఖీలు నాకు కొత్త కాదు. మా నాన్న గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో బడి పంతులు. ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారంటే బడికి సున్నం పడేది, గోళ్ళు కత్తిరించుకు రమ్మని పిల్లలకి ముందురోజే చెప్పేవారు. బాగా చదివేవాళ్ళు ముందు వరసలోకి, మిగతావాళ్ళు స్తంభాల వెనక్కి వెళ్ళేవాళ్ళు. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. పెళ్ళికి ఇల్లు సర్దుకున్నట్టే అదీను. కాబట్టి మా స్టేషన్లో జరిగిన సర్దుడు కూడా మొదట్లో నాకు వింతగా అనిపించలేదు.

లాకప్ గది ఒకప్పుడు సామాన్ల గది. పై కప్పుకి ఒక కొక్కెం, దానికి వేలాడుతూ పాత ఫ్యాను ఉండేవి. తాడు కట్టుకోవడానికి వీలుండే కొక్కేలు తీసేయమన్నది నివేదిక. కొక్కెం తీస్తే ఫ్యాను కూడా దిగింది. కిటికీ ఊచలకి గుడ్డ కట్టడానికి వీల్లేకుండా సన్నటి ఇనప జాలీ బిగించమన్నారు. జాలీ కావాలని రాసి పంపారు. రాలేదు. జవాబు పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. సైకిల్ స్టాండు కప్పు మార్చినప్పుడు మిగిలిన రేకు ఒకటి వెనక గోడకి ఆనించి ఉంటే, సీఐ గారు దాన్ని కోయించి కిటికీకి కొట్టించారు.

"జాలీ అన్నారు కదండీ" అన్నారు హెడ్ కానిస్టేబుల్ గారు, మెల్లిగా.

"జాలీ ఎప్పుడొస్తుంది, జవాబు ఎప్పుడు పంపుతాం? ఊచ చేతికి అందకూడదు. అంతే కదా వాళ్ళ బాధ?"

సీఐ గారు చెడ్డవారని నేను అనను. బుడమేరు వాగు పొంగినప్పుడు మొలలోతు నీళ్ళలో దిగి ముసలమ్మల్ని భుజాన మోసుకొచ్చారని మావాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. కానీ కాగితం దగ్గరికొచ్చేసరికి ఆయనకి ఎక్కడలేని కంగారూ వచ్చేది. పక్క స్టేషన్ సీఐ సస్పెండై ఇంట్లో కూర్చున్న సంగతి ఆయన మర్చిపోలేదు.

హెడ్ గారు అప్పటికి రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. విజయవాడ పాతబస్తీ ముస్లింల కుటుంబం వాళ్ళది. వాళ్ళ అన్నదమ్ములు మార్కెట్లో అత్తరు, టోపీల కొట్టు నడిపేవారు. కూతురి వయసుదాన్నని నన్ను ఎప్పుడూ "అమ్మాయ్" అనేవారు. స్టేషన్ తాళాలు ఆయన బెల్టుకే ఉండేవి. నడుస్తుంటే చప్పుడు రాకుండా వాటిని ఒక చేత్తో పట్టుకుని నడిచేవారు.

రేకు కొట్టింది చలికాలంలో. ఎవరికీ ఏమీ తెలియలేదు.

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే, తనిఖీ బృందం మళ్ళీ వస్తోందని, రాసిన జవాబులు నిజమో కాదో చూస్తారని కబురొచ్చింది. స్టేషన్‌కి రంగులు వేశారు. అరెస్టయిన వాళ్ళ హక్కులేమిటో రాసిన బోర్డు గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. వసారాలో ఇసక పోసి, దాని మీద కొత్త కుండ పెట్టి, పైన ఇత్తడి మూత వేశారు. వాళ్ళు వచ్చే రోజునే నగరానికి ఒక మంత్రి కూడా వచ్చారు. బెంజ్ సర్కిల్ దగ్గర బందోబస్తుకి సీఐ గారితో సహా మావాళ్ళంతా వెళ్ళిపోయారు. తనిఖీ వాళ్ళు సాయంత్రానికి గానీ రారని, తను ఆ లోపల వచ్చేస్తానని చెప్పి వెళ్ళారు సీఐ గారు. స్టేషన్లో మిగిలింది హెడ్ గారూ, నేనూ. లాకప్‌లో ఒకే ఒక్క మనిషి.

అతను మార్కెట్లో తోపుడు బండి లాగేవాడు. గోడౌను లోంచి గుడ్డల బేళ్ళు పోయాయని ఒక వ్యాపారి ఫిర్యాదిస్తే, ఆ వారంలో అక్కడ బండి పెట్టినవాడని అనుమానం మీద ముందురోజు సాయంత్రం పట్టుకొచ్చారు. ఆ పొద్దున్నే కోర్టుకి తీసుకెళ్ళాల్సింది. వెంట వెళ్ళాల్సిన కానిస్టేబుళ్ళు బందోబస్తుకి పోయారు. అతని భార్య రోడ్డుకి అవతల మూసిన కొట్టు అరుగు మీద కూర్చుంది. పొద్దున ఆమె తెచ్చిన అన్నం నేనే లోపలికిచ్చాను. అతను రెండు ముద్దలు తిని చాలన్నాడు.

లాకప్‌లో మనిషుంటే ఎవరో ఒకరు కాపలా ఉండి మాటిమాటికీ చూస్తుండాలన్నది కూడా సిఫార్సే. మగవాళ్ళ లాకప్‌కి నన్ను ఎప్పుడూ కాపలా పెట్టలేదు. ఆ రోజు వేరే దిక్కు లేదు. నా కుర్చీ తెచ్చుకుని నడవలో కూర్చున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. నడవలోనే నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. లోపలి నుంచి వేడి, ఊచల తలుపు సందుల్లోంచి, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు కొట్టినట్టు ముఖానికి కొడుతోంది. పడమటి గోడకి ఉన్న ఆ కిటికీ మీద ఎండ నేరుగా పడుతోంది.

మొదట్లో అతను లేచి నిలబడి, చొక్కా విప్పి, దానితో విసురుకున్నాడు. నీళ్ళడిగితే రెండుసార్లు చెంబుతో ఇచ్చాను. తర్వాత తలుపు దగ్గరికొచ్చి, ముక్కు ఊచల మధ్య పెట్టి కూర్చున్నాడు. "ఏంటి, ఎలా ఉంది?" అంటే, "ఫర్లేదమ్మా" అన్నాడు. ఇంకాసేపటికి గోడ దగ్గరికి జరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కానీ పిలిస్తే పలకలేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. మా ఊళ్ళో ఇటుక బట్టీల దగ్గర వడదెబ్బ తగిలిన వాళ్ళని చూశాను. చెమట పట్టినంతసేపూ భయం లేదని, ఆగిపోతేనే భయమని మా అమ్మ అనేది. టార్చి వేసి చూశాను. ఒళ్ళు పొడిగా, ఎర్రగా ఉంది.

హెడ్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పటికే నా అడుగుల చప్పుడు విని లేచారు. వచ్చి తలుపు ముందు వంగి చూశారు. అతన్ని పేరు పెట్టి పిలిచారు. ఒకసారి కాలు కదిలింది, అంతే.

"తాళం తీయండి హెడ్ గారూ."

ఆయన తాళాల గుత్తి మీద చెయ్యి వేశారు గానీ తీయలేదు. "ఆఫీసర్ లేకుండా లాకప్ తీయకూడదమ్మాయ్. అదీ మనం ఇద్దరమే ఉన్నప్పుడు. లేచి పారిపోతే?"

"లేస్తాడా అతను?"

"ఉండు. సార్‌కి చెబుదాం."

వైర్‌లెస్ సెట్లో సీఐ గారి కోసం పిలిచారు. కంట్రోల్ వాళ్ళు కాన్వాయ్ కదులుతోంది, ఛానల్ వదలమన్నారు. ఆయన మళ్ళీ పిలిచి లాకప్‌లో మనిషికి బాగాలేదన్నారు. "వన్ టౌన్ వైపు వాళ్ళు లైన్లోంచి తప్పుకోండి" అని గట్టిగా కసిరింది అవతలి గొంతు. హెడ్ గారు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"నాకు ఇంకెంతో సర్వీసు లేదమ్మాయ్" అన్నారు. నాతో కాదు, తనతో తనే అనుకున్నట్టు. "ఇన్నేళ్ళలో ఒక్క మెమో లేదు. ఇప్పుడేమన్నా అయితే పెన్షన్ ఆపేస్తారు."

ఆయన అన్నది అబద్ధం కాదు. లోపల ఉన్నవాడు చచ్చిపోతే మాత్రం ఏమవుతుందో కూడా మా ఇద్దరికీ తెలుసు. పక్క స్టేషన్లో జరిగిందే. నడవలో నిశ్శబ్దంగా ఉంది. లోపలి నుంచి అతని ఊపిరి గరగరమంటూ వినిపిస్తోంది. అది ఒకసారి ఆగినట్టయి మళ్ళీ మొదలైంది.

"తాళం ఇటివ్వండి, నేను తీస్తాను" అని చెయ్యి చాపాను.

ఆయన నా చేతి వైపు చూశారు. తర్వాత గుత్తిలోంచి తాళంచెవి ఏరి, నన్ను పక్కకి జరిపి, తనే తీశారు. "ఎవరన్నా అడిగితే నేనే తీశానని చెప్పు. నువ్వు మధ్యలోకి రాకు. నీకింకా చాలా సర్వీసుంది."

అతన్ని చెరో చంకా పట్టుకుని ఈడ్చుకుంటూ వసారాలోకి తెచ్చాం. చేతులకి తగిలిన ఆ ఒంటి వేడి నాకు ఇప్పటికీ గుర్తే. తనిఖీ కోసం పెట్టిన కుండలో నీళ్ళు తల మీద, గుండెల మీద పోశాను. గోనెపట్టా తడిపి కప్పాం. హెడ్ గారు తన టోపీతో విసిరారు. అవతలి అరుగు మీంచి భార్య చూసి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చింది. ఏడవలేదు. అతని పక్కన కూలబడి, తల ఒళ్ళోకి తీసుకుని, నా ముఖంలోకి చూస్తూ, "కొట్టారా?" అని అడిగింది.

"లేదమ్మా. గాలాడక పడిపోయాడు."

ఆమె అతని ఒళ్ళంతా తడిమి చూసుకుంది. ఎక్కడన్నా దెబ్బ ఉందేమోనని వీపు కిందకి కూడా చెయ్యి పోనిచ్చింది. నేను ఆపలేదు.

ఈలోపల గేటు దగ్గర జనం చేరారు. బళ్ళ వాళ్ళు, హమాలీలు, కొట్ల గుమాస్తాలు. పోలీసులు కొట్టి చంపేశారని వెనక ఎవరో అన్నారు. ఆ మాట ముందుకి వచ్చేసరికి గేటు ఊగింది. ఇద్దరు ముగ్గురు లోపలికి వచ్చేశారు. వాళ్ళలో ఒకడి చేతిలో బండి ఇరుసు కడ్డీ ఉంది. హెడ్ గారు లేచి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డారు. లాఠీ ఎక్కడో లోపల ఉంది. నేను తడి గోనెపట్టా వదల్లేదు.

అప్పుడు భార్య తలెత్తింది. "మీద పడకండి. ఆయనకి గాలి రానీయండి" అంది. "బతికే ఉన్నాడు. ఎవరన్నా ఆటో పిలవండి."

కడ్డీ పట్టుకున్న మనిషి దాన్ని గోడకి ఆనించి ఆటో కోసం వెళ్ళాడు.

ఆటో వచ్చింది. దాని వెనకే తెల్ల కారు కూడా వచ్చింది. జనం దారివ్వకపోతే అందులోంచి ఒక పెద్దాయన దిగి నడుచుకుంటూ వచ్చారు. ఆయన మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు నేనక్కడ లేను గానీ, హెడ్ గారు సెల్యూట్ కొట్టిన తీరులోనే ఎవరో తెలిసిపోయింది. సాయంత్రం రావాల్సినవాళ్ళు ముందే వచ్చేశారు.

ఆయన నేల మీదున్న మనిషిని, తడిసిన నా యూనిఫామ్‌ని, ఖాళీ కుండని చూశారు.

"ఎవరితను?"

"లాకప్‌లో ఉన్నాడు సార్. పడిపోతే బయటికి తెచ్చాం."

"ఎందుకు పడిపోయాడు?"

"లోపల గాలి లేదు సార్. ఫ్యాను లేదు. కిటికీకి రేకు కొట్టారు."

"రేకు కొట్టమని ఎవరు చెప్పారు?"

నేను జవాబు చెప్పేలోపలే, వెనక నుంచి హెడ్ గారు, ఎప్పటిలాగే మెల్లిగా, "మీ రిపోర్టు వచ్చాక కొట్టామండీ" అన్నారు.

ఆ పెద్దాయన ఆటో వైపు చెయ్యి చూపించి, "ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. నేనూ, భార్యా అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళాం. నిందితుణ్ణి తోడు మగ పోలీసు లేకుండా ఆటోలో తీసుకెళ్ళడం కూడా తప్పే. దారి పొడుగునా ఆమె అతని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. అన్నీ ఇంటి మాటలు. పాలవాడు రాలేదని, పిల్ల జ్వరం తగ్గిందని. ఆస్పత్రి గేటు దగ్గర అతను కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. అప్పుడు ఏడ్చింది ఆమె.

ఆస్పత్రిలో కాపలాకి వేరే కానిస్టేబుల్ వచ్చాక, సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి తనిఖీ అయిపోయింది. పెద్దాయన లాకప్ లోపలికి వెళ్ళి రేకు మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నారని హెడ్ గారు చెప్పారు. ఎవరినీ ఏమీ అనలేదట. అది విన్నాక నాకు ఇంకా భయమేసింది.

సీఐ గారు నన్ను గదిలోకి పిలిచారు. కేకలేస్తారనుకున్నాను. ఆయన చాలా నెమ్మదిగా, కూర్చోమన్నారు. ఆయన ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"అతనికి మూర్ఛ ఉందంట కదా?" అన్నారు.

"నాకు తెలీదు సార్."

"ఉండొచ్చు. ఉందనే అనుకుందాం. మూర్ఛ వచ్చి పడిపోయాడని నీ స్టేట్‌మెంట్ రాసియ్యి. హెడ్ కూడా అదే రాస్తాడు. ఎవరికీ నష్టం లేదు. అతనూ బతికాడు, మనమూ బతుకుతాం."

ఫ్యాను తిరుగుతోంది. ఆయన గదిలో కొక్కెం ఎవరూ తీయమనలేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి వచ్చిన మనిషి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఆయన అడుగుతున్నది ఒక్క వాక్యం. కాదంటే నా ఉద్యోగం ఏమవుతుందో, మా నాన్నకి ఏం చెప్పాలో అన్నీ ఒక్కసారిగా బుర్రలో తిరిగాయి.

"అతని భార్య ఒప్పుకోదు సార్. డాక్టరు గారు వడదెబ్బ అని రాసేశారు" అన్నాను. అది పిరికి జవాబని నాకే తెలిసింది. అందుకని ఇంకోమాట కూడా అన్నాను. "నేను చూసిందే రాస్తాను సార్."

"లాకప్‌లో ఎవరూ ఉరి వేసుకోకుండా చూడమన్నారు. చూశాను" అన్నారు సీఐ గారు. "నన్నేం చేయమంటావు చెప్పు."

తలుపు దగ్గర హెడ్ గారు నిలబడి ఉన్నారని అప్పటిదాకా గమనించలేదు. ఆయన లోపలికొచ్చి, తన స్టేట్‌మెంట్ బల్ల మీద పెట్టారు. అప్పటికే రాసేశారు. ఆఫీసర్ లేకుండా లాకప్ తెరిచింది తనేనని, కారణం వేడి అని అందులో ఉంది. సీఐ గారు అది చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నారు. ఇక నన్నేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున రేకు ఊడదీశారు. బండి మనిషికి బెయిలొచ్చింది. బేళ్ళు గోడౌను వాళ్ళ మనిషే దాటించాడని తర్వాత తేలితే కేసు కొట్టేశారు. సీఐ గారికి బదిలీ అయింది గానీ సస్పెన్షన్ కాలేదు. హెడ్ గారికి, నాకు మెమోలొచ్చాయి, సంజాయిషీ ఇచ్చుకున్నాం. ఆయన రిటైరయ్యాక కూడా పెన్షన్ కాగితాలు కొన్ని నెలలు కదల్లేదు. ఆ నెలలన్నీ అన్నదమ్ముల కొట్లో కూర్చున్నారు. చూడటానికి వెళ్తే కుర్చీ దుమ్ము దులిపి వేసి, ఆ ఊసు మాత్రం ఎత్తనిచ్చేవారు కాదు. చివరికి కాగితాలు వచ్చాయి.

నన్ను హనుమాన్ జంక్షన్ అవతల హైవే మీదున్న స్టేషన్‌కి మార్చారు. నేను చేరేటప్పటికి పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చి ఉంది. లాకప్‌లలో గాలీ వెలుతురూ ఉండాలని, కిటికీలకి జాలీ తప్ప మరేదీ ఉండకూడదని. అంటే ఆ పెద్దాయన ఊరుకోలేదన్నమాట. చేరిన రోజునే లాకప్ చూడటానికి వెళ్ళాను. ఇక్కడా కిటికీకి రేకే ఉంది. కొత్త ఉత్తర్వు వచ్చాక దానికి మేకుతో చిల్లులు పొడిచారు. గాలీ వెలుతురూ కల్పించబడినవి అని జవాబు కూడా వెళ్ళిపోయింది.

నిలబడి ఆ చిల్లుల వైపు చూశాను. చేరిన రోజే గొడవ దేనికని అనిపించింది. కానీ ఎండాకాలం మళ్ళీ వస్తుంది. ఎస్సై గారు కుర్రాడు, ట్రైనింగయి ఎంతోకాలం కాలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి వన్ టౌన్లో జరిగింది మొత్తం చెప్పాను. మెమో సంగతి కూడా దాచలేదు. ఆయన పెన్ను కిందపెట్టి విన్నారు.

"జవాబు పంపేశామండీ" అన్నారు ఇబ్బందిగా.

"రేకు తీసినంత మాత్రాన ఆ జవాబు అబద్ధం కాదు కదండీ" అన్నాను. "ఇప్పుడే నిజమవుతుంది."

ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, లారీ మెకానిక్ షెడ్డు నుంచి గునపం తెప్పించారు. మేకులు తుప్పు పట్టి ఓ పట్టాన ఊడలేదు. చొక్కా చేతులు మడుచుకుని తనే ఒక పక్క పట్టారు. పక్క వెల్డింగ్ షాపు అతను ఆ వారంలోనే జాలీ బిగించాడు.

ఆ తర్వాత మొదటగా ఆ లాకప్‌లో పడింది, తాగి ధాబా దగ్గర కొట్టుకున్న ఒక లారీ క్లీనరు. పొద్దున్నే బయటికొస్తూ ముఖం గోక్కుంటూ, కిటికీలోంచి దోమలొస్తున్నాయని, రాత్రంతా నిద్ర లేదని నా మీద విసుక్కున్నాడు. చూస్తాంలే అని చెప్పి టీ తాగమని పంపించాను.